హాబీ 18 బదులు హుస్సేన్‌సాగర్‌లోకి ఏ పడవ?

గాలివాటం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను, అన్నీ క్యాటమరాన్ల గురించే, అంటే రెండు సన్నటి పడవ బాడీలని (వాటినే హల్స్ అంటారు) పక్కపక్కన బిగించి తెరచాప కట్టిన పడవలు. హాబీ, నాక్రా వాటిలో పేరున్న బ్రాండ్లు. మొదటి రెండూ ఒకే ఇంటి నుంచి వచ్చాయి, రెండు రోజుల తేడాతో, ఒకరికి తెలియకుండా ఒకరు రాసినట్టున్నారు. రెండోది రాకపోయి ఉంటే మొదటిదానికి నేను వేరే జవాబు రాసేవాణ్ని, అది తప్పయ్యేది కూడా. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు.

ప్రశ్న: సార్, నాకు 61 ఏళ్లు, మాది సైనిక్‌పురి. మస్కట్‌లో ఉద్యోగం చేసినప్పుడు కొన్న హాబీ 18ని రిటైరై వచ్చేటప్పుడు ఇంటి సామానుతో పాటు కంటైనర్‌లో తెచ్చుకున్నాను, అప్పట్లో అందరూ నవ్వారు. ఎనిమిదేళ్లుగా హుస్సేన్‌సాగర్‌లోనే తిప్పుతున్నాను. పోయిన వానాకాలంలో ఎడమ హల్‌లో డాగర్‌బోర్డు (నీళ్లలోకి దించే పలక) దిగే సందు పక్కన చీలిక వచ్చి, గంట తిరిగేసరికి బకెట్ల కొద్దీ నీళ్లు చేరుతున్నాయి. చుక్కాని పట్టుకునే అల్యూమినియం పోత కూడా విరిగింది. ఈ మోడల్ కంపెనీ వాళ్లు ఎప్పుడో ఆపేశారట, ఆ ముక్క ఎక్కడా దొరకడం లేదు. దీని బదులు ఇలాంటిదే ఇంకోటి కొందామని చూస్తున్నాను. 18 అడుగులది, డాగర్‌బోర్డులున్నది, ట్రాపెజ్ (తీగకి వేలాడుతూ పడవ బయటికి వాలే ఏర్పాటు) ఉన్నది కావాలి. ఎఫ్18 (18 అడుగుల రేసు క్యాటమరాన్) మంచిదా, నాక్రా మంచిదా? నేను 68 కిలోలు, మా ఆవిడ 57. వేసవి సెలవుల్లో పెద్దమనవడు కూడా వస్తాడు. ఎప్పటికైనా సూర్యలంకకో మంగినపూడికో తీసుకెళ్లి సముద్రంలో నడపాలని కోరిక.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా వారు మీకు ఉత్తరం రాశారని తెలిసింది. ఆయన రాయని సంగతి ఒకటి చెబుతాను. పోయిన ఆషాఢంలో గాలి ఎక్కువై పడవ బోల్తా పడింది. నలభై నిమిషాలు నీళ్లలోనే ఉన్నాం. ఇద్దరం తాడు పట్టుకుని ఎంత వెనక్కి వాలినా అది లేవలేదు, క్లబ్బు బోటు వచ్చి లేపింది. నేను ఆ తర్వాత ఎక్కలేదు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఒక్కడే వెళతానంటే నాకు టెన్షన్. అసలు తిరగబడని పడవ ఉంటుందా? ఉంటే అదే కొనమని రాయండి, నా పేరు చెప్పకండి.

జవాబు: చెల్లెమ్మా, పేరు చెప్పలేదు గానీ ఆయన ఈ పేజీ చదువుతారుగా, దొరికిపోయినట్టే. ముందు మీకే చెబుతాను, ఎందుకంటే ఈ బేరం మీ ఉత్తరం దగ్గరే తేలాలి.

తెరచాప ఉన్న ఏ చిన్న క్యాటమరానైనా తిరగబడుతుంది. రెండు హల్స్ వెడల్పుగా ఉంటాయి కాబట్టి మామూలు పడవకంటే గట్టిగా నిలబడుతుంది, కానీ ఒకసారి పక్కకి ఒరిగి పడిందంటే ఆ వెడల్పే శత్రువు, అలాగే హాయిగా పడుకుంటుంది తప్ప లేవడానికి ఇష్టపడదు. కాబట్టి తిరగబడని పడవ కోసం వెతక్కండి, మీరిద్దరూ ఎవరి సాయం లేకుండా లేపగలిగేది వెతకండి. మీ ఇద్దరి బరువు కలిపితే 125 కిలోలు. మీ పాత హాబీ 18 పడవే 181 కిలోలు, మాస్టు, అంటే తెరచాప కట్టే స్తంభం, ఎనిమిదిన్నర మీటర్లు, దాని మీద తడిసిన తెరచాప. నలభై నిమిషాల్లో లేవలేదంటే అది మీ చేతగానితనం కాదు, తూకమే చాలలేదు.

ఇక సార్, మీకు. మీరు పాతదాని కొలతలు పట్టుకుని కొత్తదాన్ని వెతుకుతున్నారు. అందరం అదే చేస్తాం, స్కూటర్ పాడైతే అదే రంగు స్కూటర్ కావాలంటాం. హాబీ 18ని 1976లో క్యాలిఫోర్నియాలో తీసుకొచ్చినప్పుడు అది సముద్రం కోసం, ఇద్దరు కండబలం ఉన్న కుర్రాళ్ల కోసం. మస్కట్‌లో మీరు కొన్నప్పుడు మీకూ సరిపోయింది. ఇప్పుడు నీళ్లు మారాయి, ఊరు మారింది, మోకాళ్లు మారాయి. పోయిన మోడల్‌కి బదులు వెతకడం మాని, ఈ రోజు సంజీవయ్య పార్కు వైపు నుంచి నీళ్లలోకి దిగే మీ ఇద్దరికి ఏం కావాలో అడగండి.

మొదట డాగర్‌బోర్డుల సంగతి తేల్చేద్దాం. హల్ మధ్యలోంచి కిందికి దిగే ఆ పలకలు గాలికి ఎదురు వెళ్లేటప్పుడు పడవ పక్కకి జారకుండా ఆపుతాయి, నిజమే, రేసుల్లో వాటి విలువ తెలుస్తుంది. కానీ మన సాగర్ ఎలాంటిది? 1563లో కట్టిన చెరువు, నాలుగున్నర శతాబ్దాల ఒండ్రు, దాని మీద ఈ కాలపు మురుగు బురద, లోతైన చోట 32 అడుగులు అంటారు గానీ చాలా చోట్ల అంత లేదు. వీటన్నిటికీ తోడు ఏటా నిమజ్జనం. క్రేన్లతో విగ్రహాల ఇనుప చట్రాలు తీస్తూనే ఉంటారు, అయినా ఒకటో రెండో ఊచలు ఎక్కడో ఒకచోట మిగులుతాయి. బోర్డు దించి పోతుంటే దానికి ఏదైనా తగిలిందంటే ఆ దెబ్బంతా వెళ్లి పడేది హల్‌లో బోర్డు దిగే సందు మీదే. మీ పడవ చీలింది సరిగ్గా అక్కడే కదా! ఎఫ్18 కొన్నా అదే కథ మళ్లీ మొదలవుతుంది, పైగా అది 180 కిలోలు, 2.6 మీటర్ల వెడల్పు, ముందు స్పినాకర్ అనే పెద్ద ఉబ్బు తెరచాప ఒకటి. రోడ్డు మీద బండి వెడల్పుకి మన మోటారు వాహనాల రూల్స్‌లో ఉన్న పరిమితి కూడా 2.6 మీటర్లే, అంటే అంగుళం కూడా మిగలదు. ఇరవై అయిదేళ్ల కుర్రాడు అడిగితే ఎఫ్18 కొనమని నేనే చెబుతాను, మీకు చెప్పను. నాక్రా 15, నాక్రా 17 లాంటివీ అంతే, మొదటిది కుర్రకారు పోటీలకి, రెండోది ఒలింపిక్స్‌కి చేసినవి. నాక్రాలో బోర్డుల్లేని నాక్రా 500 ఒకటి ఉంది, అది వేరే మాట, దానికీ మాస్టు పొడుగే.

బోర్డులు లేకపోతే గాలికి ఎదురు కొంచెం తక్కువ ఎక్కుతుంది. మన చెరువులో ఆ తేడా ఎంత, బుద్ధుడి విగ్రహం దాకా పోయి రావడానికి ఒక మలుపు ఎక్కువ తిరుగుతారు, అంతే.

బోర్డుల్లేని వాటిలో అందరికీ తెలిసింది హాబీ 16. సర్ఫ్‌బోర్డులు చేసే హోబీ ఆల్టర్ 1970 ప్రాంతంలో తెచ్చిన పడవ, ఇప్పటికి లక్షకు పైగా చేశారు, యాభై ఏళ్లు దాటినా ఇంకా కొత్తవి వస్తున్నాయంటే చూడండి. అరటిపండులా వంగిన హల్స్, లోపలి వైపు ఒక ఆకారం, బయటి వైపు ఇంకో ఆకారం, ఆ ఆకారమే బోర్డుల పని చేస్తుంది. చుక్కానులు నేలకి తగిలితే వాటంతట అవే పైకి లేస్తాయి. 145 కిలోలు, మీ పాతదానికంటే 36 కిలోలు తక్కువ. విడిభాగాల బెంగ అన్నిటికంటే దీనికే తక్కువ, గోవా వైపు నీటి ఆటల వాళ్ల దగ్గర పాతవి అమ్మకానికి వస్తుంటాయి.

మీ మొదటి ఉత్తరం ఒక్కటే వచ్చి ఉంటే నేను ఇక్కడే ఆపి హాబీ 16 కొనేయండి అనేవాణ్ని. కానీ దీనికి రెండు గుణాలున్నాయి. ఒకటి, ముక్కులు సన్నం. గాలి పక్కనుంచి బలంగా కొట్టినప్పుడు బరువు ముందుకు ఉంటే కింది ముక్కు నీళ్లలోకి దూరి పడవ పల్టీ కొడుతుంది. రెండు, దాన్ని లేపడానికి మామూలుగా 130 నుంచి 140 కిలోల బరువు కావాలంటారు. మీది 125. గాలి సాయం చేస్తే లేస్తుంది, చేయకపోతే మళ్లీ నలభై నిమిషాలు.

నా అనుభవం ఒకటి చెబుతాను, నవ్వుకోండి. చాలా ఏళ్ల క్రితం ఒక స్నేహితుడి హాబీ 16 అడిగి తీసుకుని, వానాకాలం మధ్యాహ్నం, మబ్బు కమ్ముకొస్తుంటే కూడా ఇంకొక్క రౌండు అని వెళ్లాను. విగ్రహం దాటాక పడమటి గాలి ఒక్కసారిగా కొట్టింది. పక్కకి పడడమే కాదు, నేను తాడు వెతుక్కునేలోపు పూర్తిగా తలకిందులైంది. ఎనిమిది మీటర్ల మాస్టు కిందికి దిగింది, అక్కడ నీళ్లు అంత లోతు లేవు, కొస పోయి బురదలో గుచ్చుకుంది. ఇక దాన్ని ఎవడు లేపుతాడు? రెస్క్యూ బోటు వాళ్లు వచ్చి, గబుక్కున లాగితే మాస్టు వంగిపోతుందని నెమ్మదిగా అటూ ఇటూ చేసి ఊడదీశారు. పైకి వచ్చిన మాస్టు కొసన మూరెడు నల్ల బురద, ఆ వాసన నా బట్టల్లోంచి వారం పోలేదు, మా ఇంట్లో నన్ను వరండాలోనే ఆపేశారు. స్నేహితుడు ఆ తర్వాత ఎప్పుడు అడిగినా పడవ రిపేర్‌లో ఉందనే చెప్పాడు.

అందుకని మన సాగర్‌లో ఏ క్యాటమరాన్ నడిపినా మాస్టు కొసన తేలే బుడ్డి ఒకటి ఉండి తీరాలి. పడవ పక్కకి పడినప్పుడు అది మాస్టుని నీటి మీదే తేల్చి పెడుతుంది, తలకిందులు కానివ్వదు. చూడ్డానికి బాగుండదని కొందరు తీసేస్తారు. బురదలో గుచ్చుకున్న మాస్టు అంతకంటే అందంగా ఏమీ ఉండదు.

ఇప్పుడు నా సలహా. 13, 14 అడుగుల ప్లాస్టిక్ హల్ పడవ చూడండి. 18 నుంచి 13కి దిగమంటున్నానని కోపం వస్తుందని తెలుసు, అయినా చదవండి. హాబీ వేవ్ అని ఒకటుంది, 13 అడుగులు, ఏడడుగుల వెడల్పు, 111 కిలోలు, నలుగురు కూర్చోవచ్చు, బోర్డులు లేవు, తెరచాప అడుగున ఉండే కర్ర, అదే బూమ్, లేదు కాబట్టి మలుపు తిరిగేటప్పుడు మనవడి తలకి కర్ర తగలదు, మాస్టు కొసన బుడ్డి ఉంటుంది. మోరెల్లి అండ్ మెల్విన్ అనే డిజైనర్లు చేశారు, వాళ్లు మామూలు వాళ్లు కాదు, పెద్ద పెద్ద రేసింగ్ క్యాటమరాన్లు గీసినవాళ్లు. ఇంగ్లండ్ వాళ్ల ఆర్ఎస్ క్యాట్ 14 కూడా ఇదే దారి. రెండూ రోటోమోల్డింగ్‌లో చేసిన పాలిథిలిన్ పడవలు, అంటే మీ ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఎలా తయారవుతుందో అలాగే, అచ్చులో పొడి పోసి తిప్పుతూ వేడి చేస్తారు. మెట్టుకి గీసుకున్నా, రాయి మీద లాగినా గీత పడుతుంది గానీ పగలదు.

వేవ్ మామూలుగా ఒక్క పెద్ద తెరచాపతోనే వస్తుంది. ముందు చిన్న తెరచాప, అదే జిబ్, విడిగా కిట్‌లా కొనుక్కోవచ్చు. మీరు కొనండి. ఎందుకంటే క్యాటమరాన్లకి మలుపు తిరగడం బద్ధకం, గాలికి ఎదురుగా నిలబడిపోయి వెనక్కి జారుతుంటాయి, జిబ్ ఉంటే దాన్ని కాసేపు అవతలి వైపే పట్టి ఉంచితే గాలి ముక్కుని తోసేస్తుంది. మన చెరువు చిన్నది, నిమిషానికో మలుపు, కాబట్టి ఇది సరదా కోసం చెప్పడం లేదు. ఆవిడకి పని కూడా ఉంటుంది, ఊరికే కూర్చుంటేనే భయం ఎక్కువ.

హాబీలోనే గెట్‌అవే అని 16 అడుగుల ప్లాస్టిక్‌ది ఉంది, కుటుంబాలకి బాగుంటుంది, సోఫాలా ఉంటుంది. కానీ 177 కిలోలు. ఒడ్డున తోయడానికి నలుగురు కావాలి, మీ మోకాళ్లకి వద్దు. ఆర్ఎస్ క్యాట్ 16 కూడా మంచిదే, మనవడు కాలేజీకి వచ్చి బరువు పెరిగాక ఆలోచించండి.

వేగం తగ్గుతుంది, అబద్ధం చెప్పను. ఉగాది ముందు రోజుల్లో గాలి చచ్చిపోయినప్పుడు ప్లాస్టిక్ పడవ దున్నపోతులా కదలదు, ఒక్కరే నడిపే చిన్న లేజర్ పడవలు కూడా దాటిపోతాయి. ట్రాపెజ్‌లో వేలాడడం కూడా ఉండదు. అయితే ఆషాఢం, శ్రావణం గాలుల్లో 13 అడుగుల పడవ ఒక హల్ లేపి పరిగెడుతుంటే మీకు మస్కట్ గుర్తు రాకపోతే నన్ను అడగండి.

కొనే ముందు ఒక పని చేయండి. ఎక్కడైనా అలాంటి పడవ ఉన్నవాళ్లని బతిమాలి, ఒడ్డు దగ్గర, రెస్క్యూ బోటు పక్కన ఉండగా, కావాలనే పడేసి మీ ఇద్దరూ లేపి చూడండి. తెరచాపల తాళ్లు ముందు వదిలేయాలి, లేకపోతే లేచిన పడవ మిమ్మల్ని వదిలి పారిపోతుంది. ముక్కుల్ని ఈదుతూ గాలి వైపు తిప్పండి. కింది హల్ మీద నిలబడి, పై హల్ మీదుగా తెచ్చిన తాడు పట్టుకుని ఇద్దరూ ఒకేచోట, నడుము వంచకుండా వెనక్కి వాలండి. చేతులతో లాగకండి, బరువుతో వేలాడండి, ఆయన మోకాళ్లు వంచాల్సిన పని కూడా ఉండదు. మాస్టు కొస నీటి మీద నుంచి జానెడు లేచిందంటే చాలు, గాలి తెరచాప కిందికి దూరి మిగతాది అదే చూసుకుంటుంది. అప్పుడు పైనుంచి దిగే హల్ తలకి తగలకుండా చూసుకుని, మధ్య అడ్డకమ్మిని పట్టుకోండి, లేకపోతే అవతలి వైపు పడుతుంది. బరువు చాలకపోతే నీళ్లు నింపే సంచి ఒకటి దొరుకుతుంది, తాడుకి కట్టి వీపు మీద వేసుకుంటారు. నీళ్లలో ఉన్నంతసేపు దానికి బరువు లేదు, నీటి పైకి రాగానే నలభై కిలోల మూడో మనిషి. మూడుసార్లలో మూడుసార్లూ లేపగలిగితే డబ్బు కట్టండి. ఆవిడ నవ్వుతూ ఒడ్డుకొస్తే మరీ మంచిది.

డబ్బు సంగతి క్లుప్తంగా: కొత్తది బయటి నుంచి తెప్పించాలి. సరదా పడవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 40 అయింది, దాని మీద కస్టమ్స్, ఓడ కిరాయి, రేవు నుంచి హైదరాబాద్‌కి లారీ. అందుకే ముందు దేశంలో ఉన్న పాతవి వెతకండి. పాత ప్లాస్టిక్ పడవలో చూడాల్సింది తక్కువ, చీలిక ఉందా లేదా అన్నదే. చీలితే ఫైబర్‌లా రెసిన్ పూసి అతికించలేరు, రెసిన్ దానికి అంటుకోదు, ప్లాస్టిక్ వెల్డింగ్ తెలిసినవాడు కావాలి. ఫైబర్‌గ్లాస్ పడవైతే బాలానగర్, జీడిమెట్లలో ఏ షెడ్‌లోనైనా అతికిస్తారు, కానీ కొనేముందు మాత్రం డెక్ మీద రూపాయి బిళ్లతో కొట్టుకుంటూ వెళ్లండి. టక్ టక్ అన్నంతవరకు మంచిది, ధబ్ అన్నచోట లోపలి ఫోమ్ నుంచి పొర ఊడిపోయిందని అర్థం. డ్రెయిన్ ప్లగ్గు రంధ్రంలోంచి నోటితో మెల్లగా ఊది, ఎవరినైనా సబ్బు నీళ్లు రాయమంటే బుడగలు వచ్చినచోటే లీకు. కంప్రెసర్ పెట్టకండి, హల్ పగులుతుంది, ఒకాయన పగలగొట్టుకున్నాడు, ఆ పడవ నాకు అమ్మచూపాడు కూడా.

ఏ పడవైనా విడిభాగాలన్నీ కంపెనీవే అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ బోల్టులు, షాకిల్స్, తాళ్లు రాణిగంజ్‌లో దొరుకుతాయి, 316 గ్రేడు అని అడిగి తీసుకోండి, సముద్రానికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే 304 వద్దు. మధ్యలో కూర్చునే ట్రాంపొలిన్ వల పాడైతే టార్పాలిన్లు కుట్టేవాళ్లే కుట్టిస్తారు, దారం మాత్రం ఎండకి తట్టుకునే పాలిస్టర్‌ది మీరే కొనివ్వండి, వాళ్లు వేసే దారం ఒక్క మే నెలకి పొడి అవుతుంది. దొరకనివి ఏంటంటే చుక్కాని పోతలు, మాస్టు కింది కీలు, హల్‌కి పట్టే బిగింపులు. కొనే రోజే ఇవి ఒక్కో జత అదనంగా తెప్పించి అటక మీద పెట్టండి. మీ హాబీ 18ని పడుకోబెట్టింది ఆ ఒక్క పోతే కదా, అది అటక మీద ఉండి ఉంటే చీలిక అతికించి ఇంకో రెండేళ్లు లాగేవారు. వేవ్ కూడా ఏదో ఒక రోజు ఆగిపోయే మోడలే.

ఎండ గురించి: నీళ్లలో లేనప్పుడు డ్రెయిన్ ప్లగ్గులు తీసి ఉంచండి, మూసిన హల్‌లో గాలి వేడెక్కి ఉబ్బుతుంది. ప్లాస్టిక్ హల్‌ని సన్నటి కర్రల మీద పెట్టి తాళ్లతో బిగించి మే నెలలో వదిలేస్తే అక్కడ సొట్ట పడుతుంది, వెడల్పు దిమ్మలు వేయండి.

సూర్యలంక మూడొందల కిలోమీటర్ల పైమాట. ట్రెయిలర్ జోలికి పోకుండా విప్పి డీసీఎంలో వేయండి, మాస్టు కొస వెనక బయటికొస్తే ఎర్రగుడ్డ కట్టండి. దిగాక మాస్టు లేపే ముందు తల పైకెత్తి చూడండి. బీచ్ రోడ్ల పక్కన కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో మీకు తెలియంది కాదు, అల్యూమినియం మాస్టు, ఉక్కు తీగలు, తడికాళ్లు. అమెరికాలో ఇలాగే ప్రాణాలు పోయాకే హాబీ 16 మాస్టుల పై ముక్కని ఫైబర్‌గ్లాస్‌తో చేయడం మొదలెట్టారు, అయినా మాస్టుని పట్టి ఉంచే తీగలు ఉక్కువేగా. అక్కడి మెరైన్ పోలీసులకి, పక్కన ఉండే మత్స్యకారులకి చెప్పకుండా నీళ్లలోకి దిగకండి. ఆ రోజు అల ఎలా ఉంటుందో వాళ్లకి తెలిసినంత మీ ఫోన్‌కి తెలియదు.

పాత హాబీ 18ని తుక్కుకి వేయకండి. తెరచాపలు, మాస్టు, అడ్డకమ్మీలు విడిగా పెట్టి అమ్మకానికి చెప్పండి, ఇలాంటిదే పట్టుకుని మీలాగే వెతుక్కుంటున్నవాడు ఇంకెక్కడో ఉంటాడు.

ప్రశ్న: క్యాటమరాన్ అన్నది మన మాటే అని మా ఫిజిక్స్ సార్ అన్నారు. నిజమా? (ఇంటర్ విద్యార్థి, కూకట్‌పల్లి)

జవాబు: దాదాపు నిజం. తమిళంలో కట్టుమరం, అంటే కట్టిన మాను. మన కోస్తాలో తెప్ప అంటాం. తమాషా ఏంటంటే కట్టుమరం రెండు హల్స్ పడవే కాదు, దుంగల్ని పక్కపక్కన పెట్టి తాళ్లతో బిగించింది. జంట పడవలు పసిఫిక్ దీవుల వాళ్లవి. తెల్లవాళ్లు మన తీరంలో విన్న పేరు తీసుకెళ్లి వాళ్ల పడవకి తగిలించారు. 1876లో న్యూయార్క్ పోటీలో నథానియల్ హెరెషాఫ్ అనే ఆయన అమరిల్లిస్ అనే జంట పడవ తెచ్చి పెద్ద పెద్ద యాట్లన్నిటినీ ఓడిస్తే, అభినందించాల్సింది పోయి అలాంటి పడవలు పోటీకి పనికిరావని తేల్చారు. మీ ఫిజిక్స్ సార్‌ని వెడల్పు పెరిగితే పడవ ఎందుకు నిలబడుతుందో బోర్డు మీద గీసి చెప్పమనండి.

ప్రశ్న: కొండాపూర్‌లో 11వ అంతస్తులో ఉంటాం, పార్కింగ్ ఒక్క కారుకే. గాలి నింపే క్యాటమరాన్లు ఉన్నాయట. కొనొచ్చా అండీ?

జవాబు: కొనొచ్చు. చెక్ దేశం వాళ్ల మినీక్యాట్లు ఇలాంటివే, మాస్టు ముక్కలుగా విడిపోతుంది, అన్నీ సంచుల్లో పడతాయి. ముందు పొడవైన సంచి కొలత తెలుసుకుని టేపు తీసుకుని మీ లిఫ్ట్‌లోకి వెళ్లండి, ఒకటికి రెండుసార్లు కొలవండి, 11 అంతస్తులు ఒకసారి మోస్తే చాలు పడవ మీద విరక్తి పుడుతుంది. కట్టడానికి, విప్పడానికి పట్టే సమయం కూడా లెక్కేసుకోండి. మొదట్లో గంటన్నర అనుకుంటే మంచిది, అంటే ఆదివారం పొద్దున తొందరగా లేచేవాళ్లకే ఇది.

పొద్దున బిగుతుగా గాలి కొట్టి మధ్యాహ్నం ఎండలో ఒడ్డున వదిలేయకండి, టిఫిన్‌కి వెళ్లినా సరే కాస్త గాలి తీసి వెళ్లండి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున గాజు పెంకులుంటాయి, కింద పాత టార్పాలిన్ పరచుకుని దాని మీదే గాలి నింపండి. ఇంటికొచ్చాక బాల్కనీలో ఆరబెట్టకుండా మడిస్తే ఆ సంచి ఇంకోసారి విప్పే ధైర్యం మీకు ఉండదు. మీ సొసైటీ వాళ్లు బాల్కనీలో నాలుగు మీటర్ల గొట్టాలు ఆరేయడానికి ఒప్పుకుంటారో లేదో కూడా కనుక్కోండి.